కూర్చున్న చోటల్లా

నడిచే పోదామని మొదట అన్నది మార్కండేయ. పలుగురాయి గని నడిచిన కాలంలో యూనియన్ జెండా మోసిన మనిషి. గని మూతపడి పదమూడేళ్ళయింది కానీ, మాట్లాడేటప్పుడు ఆయన కుడిభుజం ఇంకా జెండా కిందే ఉన్నట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది.

"బస్సెక్కి పోతే పదకొండు మంది రోగిష్టోళ్ళు వచ్చినారంటారు. నడిచి పోతే గని కదిలొచ్చిందంటారు," అన్నాడు వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని. "నడిచొచ్చినోన్ని దేవుడే వట్టిచేతుల్తో పంపడప్పా. ఆఫీసరెంత?"

ఈ మాటకు తెల్లమిట్టలో ఎదురు చెప్పేవాళ్ళు లేరు. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నా, తిరుమలకు మొక్కుకున్నా, ఆ ఊళ్ళో బస్సెక్కి పోయినవాడి మొక్కు సగం మొక్కే. కాళ్ళు బొబ్బలెక్కితేనే పుణ్యం. అందుకే ఊపిరి ఆడనివాళ్ళు డెబ్బై కిలోమీటర్లు నడిచి పోయి "మాకు ఊపిరి ఆడదు" అని చెప్పుకోవడంలో ఏదో తిరకాసుందని ఒక్కరికీ తోచలేదు. సిద్దమ్మకూ తోచలేదు. ఆమె అయితే ఆ సాయంత్రమే భర్త చౌడప్ప చెప్పులు తీసుకుపోయి కుట్టించుకొచ్చింది.

అనంతపురంలో శుక్రవారం నాడు క్యాంపు. రాతిదుమ్ము జబ్బని డాక్టరు రాసిస్తే నెలనెలా పింఛను, మందులు. రాయకపోతే ఏమీ లేదు. ఇదే ఆఖరి క్యాంపు అని కూడా చెప్పారు. పోయినసారి క్యాంపులో చౌడప్ప కాగితం మీద "బీడీల వల్ల దమ్ము" అని రాసి పంపారు. చౌడప్ప పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టినవాడు కాదు. ఆ కాగితాన్ని సిద్దమ్మ ఎవరిచేతనో చదివించుకుని, మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

*

సోమవారం తెల్లవారుతూనే బయలుదేరారు. పదకొండు మంది మగవాళ్ళు, సిద్దమ్మ. ఆమె చేతిలో నీళ్ళ క్యాను, చంకలో చౌడప్ప ఎక్స్‌రే. అది వంగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి, పాత తువ్వాలు చుట్టి కుట్టేసింది.

దారి గని పక్కనుంచే. రాళ్ళగుట్టలు తెల్లగా, వాటి సందుల్లో నుంచి సర్కారు కంపచెట్లు. రాయిని పిండి చేసే మిల్లు రేకులు ఎవరో ఊడదీసుకుపోయారు, ఇనుప స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. గుంతల్లో పచ్చటి నీళ్ళు. మేకలు కాచుకునే ముసలాయన ఒకడు గట్టు మీద నిలబడి వీళ్ళకేసి దండం పెట్టాడు, యాత్రకు పోయేవాళ్ళకు పెట్టినట్టే.

మిల్లు ఎదురుగా వచ్చేసరికి రామాంజులు ఆగి, "సిద్దక్కా, నీ జల్లెడ యాడుండేది? ఆ మూలనే కదా?" అన్నాడు. ఆయనా గనిలో చౌడప్పతో కలిసి దిగినవాడే.

"ఆ మూల కాదు, ఈ స్తంభం కాడ. పిండి మొగమ్మీదికి కొట్టేది ఈడనే," అంది సిద్దమ్మ. "సాయంత్రానికి నా మొగం చూసి నా బిడ్డే జడుసుకుంటాండె."

నవ్వారు. నవ్వు నలుగురికి దగ్గయింది. సిద్దమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొయ్యి పొగ వల్ల తనకూ కాస్త దగ్గుంది లెమ్మని ఆమె లెక్క.

ఆ మిల్లులో ఎక్కువగా జంటల్నే పనికి పెట్టుకునేవాళ్ళు. మొగుడు లోపల రాయి కొడితే పెళ్ళాం పైన పిండి జల్లించాలి. హాజరుపట్టీలో మాత్రం ఒక్క పేరే. చౌడప్ప పేరు రాసి పక్కన చిన్నగా ఒకటి అంకె వేసేవాడు మేస్త్రీ. ఆ ఒకటి సిద్దమ్మ. పంతొమ్మిదేళ్ళు ఆమె ఆ ఒకటిగానే ఉంది. దాన్ని గురించి ఆమె ఎన్నడూ బాధపడింది కూడా లేదు, ఎందుకంటే అట్లాంటి ఒకట్లు అక్కడ నలభై మంది.

గని దాటిన కొంతసేపటికి చౌడప్ప వంతెన గోడ మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఆనించి, తల వంచి. సిద్దమ్మ నాలుగడుగులు వెనక వస్తున్నది వచ్చి పక్కన నిలబడింది. నీళ్ళిచ్చి తనూ కూర్చుంది. తర్వాత రవికలో నుంచి పురికొస ఉండ తీసి, ఒక కొస పట్టుకుని ముడి వేసింది.

"ఏందే అది?" అన్నాడు చౌడప్ప.

"పోయినసారి డాక్టరు ఎంత దూరానికొకసారి దమ్మొస్తాదని అడిగితే, నువ్వేమంటివి? 'ఏమో సార్' అంటివి. అందుకే బీడీలని రాసినాడు. ఈతూరి ఏమో అనేది లేదు. నువ్వు కూచున్న చోటల్లా ఒక ముడి. కిలోమీటరు రాయి దాటితే జంటముడి. చూపిస్తా పట్టుకపోయి."

"నీకేం పని లేదా?"

"ఇదే పని."

మిల్లులో ఆడవాళ్ళందరూ గంపల లెక్క ఇట్లాగే పురికొసకు ముళ్ళేసి పెట్టుకునేవాళ్ళు. చదువు రాకపోయినా లెక్క తప్పేది కాదు. దానికి ఒకటే కట్టుబాటు. కళ్ళతో చూడనిదానికి ముడి వేయకూడదు. పక్కదాని గంపకు ఈమె ముడి వేస్తే, మరుసటిరోజు ఈమె తాడును ఎవరూ నమ్మరు.

మొదటిరోజు పెద్దవడుగూరు చేరేసరికి ముప్పై ఒక్క ముళ్ళు.

*

నడకలో మనిషి గుణం బయటపడుతుందంటారు. చౌడప్పది ముందుగా పోయే గుణం. పెళ్ళయిన నాటినుంచీ ముందు అతను, నాలుగడుగుల వెనక ఆమె. వెనక్కి తిరిగి చూడడు. చూడకుండానే మాట్లాడతాడు, చూడకుండానే నీళ్ళకు చెయ్యి చాపుతాడు. సిద్దమ్మకు ఆ వీపు తన అరచెయ్యంత పరిచయం.

రెండోరోజు ఎండ ముదిరింది. మాఘం ఇంకా పోలేదు, అప్పుడే రోడ్డు కాళ్ళను పట్టుకుంటోంది. ఇరుపక్కలా శనక్కాయ పీకేసిన చేలు, దూరంగా మిట్టల మీద గాలిమరలు. సోలారు పలకల పొలం ఒకటి దాటడానికే వాళ్ళకు గంటన్నర పట్టింది. అంత పొడుగూ నీడ ఉంది కానీ, కంచె అవతల ఉంది.

చౌడప్ప ఎక్కడ కూర్చుంటాడో సిద్దమ్మకు అంతుబట్టలేదు. మిట్ట ఎక్కేచోట కూర్చుంటే అర్థముంది. ఒక్కోసారి చదును రోడ్డు మీద, పది నిమిషాలు కాకముందే కూలబడేవాడు. ఒక్కోసారి ఎక్కుడు మొత్తం ఎక్కేసి, ఆమె అందుకునేదాకా పైన నిలబడి, ఆమె వచ్చాక అప్పుడు కూర్చునేవాడు.

"ఎక్కేటప్పుడు కూచోకుండా ఎక్కినాక కూచుంటే లాభమేముందయ్యా? అంతా ఎడ్డెమంటే తెడ్డెం," అని కసిరింది.

"నాకు ఎప్పుడొస్తే అప్పుడు," అన్నాడు చౌడప్ప రోడ్డు వైపు చూస్తూ.

ఆమె పక్కన కూర్చుని ముడి వేసింది. ముడి వేసేంతసేపూ ఆమె రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. నీళ్ళ క్యాను బరువనుకుంది.

మూడోరోజు పెన్న దాటి పామిడి చేరారు. నదిలో నీళ్ళు లేవు, వంతెన మీద గాలి మాత్రం ఉంది. ఊళ్ళో ఎవరో మజ్జిగ పోశారు. పేపరు విలేకరి ఒకాయన బండి మీద వచ్చి ఫోటో తీసుకుంటానన్నాడు. "అట్ల మొగాలు ఏలాడేసుకుని నిలబడితే ఎట్లన్నా? పిడికిళ్ళు ఎత్తండి. కొంచెం నవ్వండి," అన్నాడు. ఎత్తారు. చౌడప్ప పిడికిలి అందరికంటే ఎత్తుగా లేచింది. సిద్దమ్మను కొంచెం పక్కకు జరగమన్నాడు విలేకరి. జరిగింది.

పామిడి దాటాక సాయంత్రపు బువ్వ గిన్నెలు మోసుకుపోతున్న ట్రాక్టరు ఒకటి ఆగింది. ముందు ఊరివాళ్ళు వీళ్ళకోసమే పంపించారు. గిన్నెలు దొర్లకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నాడు డ్రైవరు. సిద్దమ్మ ఎక్కింది. మూడు కిలోమీటర్ల రాళ్ళు ఆమె ట్రాక్టరులోంచే దాటింది. దిగి గిన్నెలు సర్ది ఆకులు పరిచేలోగా, ఇంకా గంటకు గానీ రారనుకున్న మనుషులు మలుపులో కనబడ్డారు. అందరికంటే ముందు చౌడప్ప.

"నువ్వు ట్రాక్టరెక్కినాక మావోడు ఒక్కతూరి గూడ కూచోలే సిద్దక్కా," అన్నాడు రామాంజులు వస్తూనే. "మమ్మల్నే ఇడ్సిపెట్టి వచ్చినాడు."

సిద్దమ్మకు ఒళ్ళు మండింది. "నేను లేకపోతే మొండికి పడి నడుస్తావా? దావలో పడిపోతే ఎవురు జవాబు?"

చౌడప్ప విస్తరి ముందుకు లాక్కున్నాడు.

ఆమె పురికొస తీసి మూడు జంటముళ్ళు వేసింది. వాటి మధ్య ఏమీ వేయలేదు. రామాంజులు కూర్చోలేదంటున్నాడు గానీ, కూర్చున్నా వేసేది కాదు. చూడనిదానికి ముడి లేదు.

*

గురువారం పొద్దున గార్లదిన్నెలో పేపరు చూశారు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. కింద "ఉరకలేస్తూ సాగుతున్న గని కార్మికులు" అని ఉంది. మార్కండేయ నాలుగు కాపీలు కొన్నాడు. టీ బంకు దగ్గర పదకొండు మందీ తమ తమ మొహాలను వేలితో తడిమి చూసుకున్నారు.

ఆ రోజంతా పెద్దరోడ్డు. లారీలు పోతుంటే వచ్చే గాలికి మనిషి పక్కకు తూలుతాడు. ఆ ఒక్కరోజే ముళ్ళు అరవై ఏడు. చివరి మూడు కిలోమీటర్లలో ముడికీ ముడికీ మధ్య వేలెడు పురికొస కూడా మిగల్లేదు. పొద్దు వాలేటప్పటికి అనంతపురంలోకి వచ్చి, ఒక కల్యాణ మంటపం వరండాలో చాపలు పరుచుకున్నారు. సిద్దమ్మ చౌడప్ప పాదాలకు కొబ్బరినూనె రాసింది. తర్వాత తన పాదాలకూ రాసుకుందామనుకుని, రాసుకోకుండానే నిద్రపోయింది.

*

శుక్రవారం పది గంటలకు క్యాంపు గదిలో బల్ల వెనక ఇద్దరు. ఒకరు డాక్టరు హేమలత, నలభై ఏళ్ళావిడ, కర్నూలు నుంచి ఈ క్యాంపు కోసమే వచ్చింది. పక్కన కాగితాలు చూసే ఆఫీసరు. ఆయన ముందర పేపరు, ఫోటో పైకి కనబడేట్టు మడతపెట్టి ఉంది.

చౌడప్ప వంతు వచ్చేసరికి ఆఫీసరు పేపరు మీద వేలు పెట్టాడు. "ఈ పిడికిలి నీదేనా?"

"నాదే సార్," అన్నాడు చౌడప్ప సంబరంగా.

"డెబ్బై కిలోమీటర్లు నడిచినావు. నేను మా ఇంటినుంచి ఈడికి నడవలేను. నీకు దమ్మేందయ్యా?"

వాకిట్లో నిలబడ్డ మార్కండేయ భుజం మొదటిసారి కిందికి దిగింది. నాలుగు రోజులు నడిచి తమ కాళ్ళతో తామే తమ మీద సాక్ష్యం మోసుకొచ్చామని అందరికీ ఒక్కసారే అర్థమైంది.

సిద్దమ్మ ముందుకొచ్చి పురికొస ఉండ బల్ల మీద పెట్టింది.

"ఊరికే నడవలేదు సార్. ఇది చూడండి. యాడ కూచున్నాడో, ఎన్నిసార్లు కూచున్నాడో అంతా ఉండాది దీంట్లో. ఒంటిముడి కూచున్నది. జంటముడి కిలోమీటరు రాయి."

ఆఫీసరు నవ్వబోయాడు. డాక్టరు నవ్వలేదు. ఉండ విప్పి, జపమాల తిప్పినట్టు వేళ్ళ మధ్య జరుపుతూ పోయింది. మధ్యలో ఆగింది, మళ్ళీ జరిపింది. చివరకొచ్చి, "చదువుకున్నావామ్మా?" అంది.

"లే మేడం."

"మా నర్సులు కూడా ఇంత శుభ్రంగా రాయరు." ఆమె చౌడప్ప వైపు తిరిగింది. "సరే. వరండాలో ఆరు నిమిషాలు నడుద్దువు రా. రక్తంలో గాలి ఎంత అందుతోందో చెప్పే క్లిప్పు వేలికి పెడతాను. ఎప్పుడు కూర్చోవాలనిపిస్తే అప్పుడు కూర్చో. పరుగేం అవసరం లేదు."

సిద్దమ్మను గదిలోనే ఉండమన్నారు. ఆమె కిటికీలోంచి చూసింది. చౌడప్ప వరండా ఆ కొసకు పోయాడు, ఈ కొసకు వచ్చాడు. దగ్గాడు, గోడ పట్టుకున్నాడు, మళ్ళీ నడిచాడు. బెంచీలు మూడున్నాయి. ఏ బెంచీ దగ్గరా ఆగలేదు.

కూర్చోయ్యా, కూర్చో, అని ఆమె లోపల్లోపల మొత్తుకుంది. ఎవరి ముందరా ఈ పౌరుషం? నాలుగు రోజుల ముళ్ళూ ఇప్పుడు అబద్ధమైపోతున్నాయి. పంతొమ్మిదేళ్ళలో ఆమె తాడును అబద్ధమన్నవాళ్ళు లేరు. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఆరు నిమిషాలూ అయ్యాయి. చౌడప్ప ఒక్కసారి కూడా కూర్చోలేదు.

"చూసినారా మేడం," అన్నాడు ఆఫీసరు.

డాక్టరు క్లిప్పు తీసి అంకె చూసి రాసుకుంది. "మంచి అంకె కాదు. కానీ ఈ తాడంత చెడ్డది కూడా కాదు." ఆమె పురికొసను మళ్ళీ పట్టుకుంది. ఒకచోట ఆగింది. "ఈడ మూడు జంటముళ్ళున్నాయి. మధ్యలో ఏం లేదు. ఇదేంటమ్మా?"

"ఆడ నేను ట్రాక్టర్లో పోయినా మేడం. చూడనిదానికి ముడెయ్యను."

"ఆడ గూడ కూచోలే మేడం ఈయప్ప," అన్నాడు వాకిట్లోంచి రామాంజులు, సాయం చేస్తున్నాననుకుని.

డాక్టరు తాడు కింద పెట్టింది. "చౌడప్పా, ఆమె లేనప్పుడు కూర్చోలేదు. ఇప్పుడూ కూర్చోలేదు. ఆమె వెనక ఉన్నప్పుడే కూర్చున్నావు. ఎందుకు?"

చౌడప్ప తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

"చెప్పు. నిజం చెప్తే నీ కేసుకు మంచిది కాకపోవచ్చు. అయినా చెప్పు."

చౌడప్ప ఆఫీసరు ముందున్న తన కాగితం వైపు ఒకసారి చూశాడు.

"ఆమెకు దమ్ము మేడం. నాకంటే ఎక్కువ. ఎనక నడుస్తాంటే కొలిమితిత్తి మాదిరి ఇనపడతాది. కూచోవే అంటే కూచోదు. నాకేం జబ్బు, నేనేం గనిలోకి దిగినానా అంటాది. నేను కూచుంటే ఆమె గూడ కూచుంటాది. అందుకని, ఆ సప్పుడు ఎక్కువైనప్పుడల్లా కూచున్యా. నాకోసరం కూచున్నవీ ఉండాయి. ఎన్నో నాకు తెల్దు."

సిద్దమ్మ నోరు తెరిచింది. "ఏం మాట్లాడతాండావు నువ్వు? నాది పొగ దగ్గు..." అని మొదలుపెట్టింది. మిట్ట పైన నిలబడి తనకోసం ఎదురుచూసిన వీపు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూడని మనిషి అని ఇన్నేళ్ళూ ఎవరితో చెప్పుకున్నా అదే చెప్పుకుంది. చూడనవసరం లేకుండా వింటున్నాడని ఎవరనుకుంటారు?

డాక్టరు లేచొచ్చి క్లిప్పు ఆమె వేలికి పెట్టింది. డాక్టరూ ఆఫీసరూ అంకె చూశారు. డాక్టరు ఆ వేలు తుడిచి మళ్ళీ పెట్టి చూసింది. అదే అంకె. చౌడప్పదానికంటే చాలా కిందుంది.

"మిల్లులో ఏం పని?"

"పిండి జల్లించేది."

"ఎన్నేళ్ళు?"

"పంతొమ్మిది."

"మేడం, ఈమె పేరు లిస్టులో లేదు," అన్నాడు ఆఫీసరు. ఆయన గొంతులో ఇందాకటి వెటకారం లేదు, ఇబ్బంది ఉంది. "గనిలో పని చేసినట్టు కాగితం ఏమీ లేదు. కాగితం లేందే నేనేం చేసేది?"

"ఈయన కాగితాల్లో హాజరుపట్టీ నకలు ఉందా?"

ఆఫీసరు వెతికి తీశాడు. నెలనెలా ఒకే వరుస. చౌడప్ప పేరు, పక్కన చిన్న ఒకటి.

"ఈ ఒకటి ఎవరు?" అంది డాక్టరు.

"ఈమేనమ్మా," అన్నాడు చౌడప్ప. వాకిట్లోంచి మార్కండేయ, "ఈమే," అన్నాడు. రామాంజులూ అన్నాడు. బయట నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే, ఎవరూ అడక్కుండానే, ఆ మాటే అన్నారు. పదకొండు మందిలో ఆరుగురి ఇళ్ళలో అట్లాంటి ఒకటి ఉంది. ఇద్దరి ఇళ్ళలో ఉండేది, ఇప్పుడు ప్రాణంతో లేదు.

డాక్టరు కొత్త కాగితం తీసుకుని సిద్దమ్మ అని రాసింది. పని అన్నచోట పిండి జల్లెడ అని రాసింది. హాజరుపట్టీ నకలును చౌడప్ప కాగితాల్లోంచి తీసి ఈ కాగితానికి గుచ్చింది. చౌడప్ప కాగితం మీద "మళ్ళీ చూడాలి" అని రాసి పక్కన పెట్టింది. "నీ ఎక్స్‌రే నేను కర్నూలు పట్టుకుపోతాను. మాటివ్వలేను," అంది.

"కానీలేమ్మా," అన్నాడు చౌడప్ప.

"సిద్దమ్మా, నువ్వు కూడా వరండాలో నడవాల. కూర్చోవాలనిపిస్తే కూర్చో. ఎవరికోసమూ ఆగొద్దు." డాక్టరు పురికొస ఆమె చేతికిచ్చింది. "ఇది కూడా పట్టుకుపో."

ఆమె నడిచింది. ముందు ఎవరి వీపూ లేదు. వరండా చాలా పొడుగనిపించింది. మొదటి బెంచీ దాటింది. రెండో బెంచీ దగ్గరకొచ్చేసరికి ఆ చప్పుడు ఆమెకే వినిపించింది. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది, అనుకుంది. అలవాటుగా ఇంకో నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చుంది.

చౌడప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె వేళ్ళకు పురికొస కొస అందడం లేదు. అతను ఆమె చేతిలోంచి తాడు తీసుకుని, మొరటు వేళ్ళతో ముడి వేయబోయాడు. జారిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది.

"అట్ల గాదయ్యా," అంది సిద్దమ్మ ఊపిరి అందుకుంటూ. "రెండు చుట్లు తిప్పల్ల."